ఆకాశానికి జరీ అంచు

మనుషులు రకరకాల పొరపాట్లు చేస్తారు. దారి తప్పుతారు, బస్సు తప్పుతారు, ఒకరి పెళ్ళికని బయల్దేరి ఇంకొకరి పెళ్ళిలో భోంచేసి వస్తారు. అవన్నీ చిన్న చిన్న సంగతులు. నేను ఏకంగా ఆకాశాన్నే పాడుచేశాను. అదీ ముగ్గురు పెద్ద ఆఫీసర్ల ముందు, కలర్ టీవీలో. కూర్చోండి, చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి. ఆ రోజు ఒక్కరు తప్ప నవ్వని మనిషంటూ లేడు, ఇప్పుడు మీరొక్కరే ఆపుకొని నన్ను ఉద్ధరించేదేమీ లేదు.

తొంభైల మొదటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది గద్వాల, చీరలు నేసే ఇల్లు. మా నాయిన బాలయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడంటే పక్కింట్లో పిడుగు పడ్డా తల ఎత్తడు. ఆయన కొడుకునైన నేను మాత్రం మగ్గం ముఖం చూడకుండా హైదరాబాదు పోయి, ఒక టీవీ సీరియల్ కంపెనీలో ఆరు నెలలు పనిచేశాను. ఏం పని అని అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెబుతున్నాను: గొడుగు పట్టే పని. ఎండలో ఎవరు నిలబడితే వాళ్ళకు పట్టేవాణ్ణి. ఆరో నెలలో కంపెనీ మూతపడింది. నేను గద్వాలకు తిరిగొచ్చాను. హైదరాబాదులో బస్సు ఎక్కినప్పుడు గొడుగు మనిషిని, గద్వాలలో దిగేసరికి డైరెక్టర్‌ని. ఆ ప్రమోషన్ ఎవరిచ్చారో నాకూ తెలియదు.

డైరెక్టర్‌కు కథ కావాలి కదా. కథ వనపర్తిలో ఉంది.

వనపర్తిలో విశాలాక్షి టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. రిటైరయ్యి అప్పటికి పదేళ్ళు. ఆవిడ చిన్న వయసులో ‘మబ్బులూరు’ పేరుతో పిల్లల కోసం ఐదు పుస్తకాలు రాసింది. గౌరి అనే పిల్ల ఉంటుంది. గొర్లు కాసుకునే వాళ్ళ తాత పోతూ పోతూ ఆ పిల్లకు తన నల్లగొంగడి ఇచ్చి పోతాడు. దాని మీద కూర్చుని కళ్ళు మూసుకుంటే గొంగడి లేచి, కోడేరు చేన్ల మీదుగా, లింగాల గుట్టల మీదుగా, మబ్బుల మీదున్న ఊరికి తీసుకుపోతుంది. పాలమూరు జిల్లాలో మా ఈడు పిల్లలు ఆ పుస్తకాలను అట్టలు ఊడేదాకా చదివారు. గుణింతాలు నేను బళ్ళో నేర్చుకున్నాను గానీ చదవడం నేర్చుకున్నది మబ్బులూరులోనే. తర్వాత అచ్చువేసిన ప్రెస్సు మూతపడింది. లైబ్రరీల్లో ఉన్నవి చెదలకు పోయాయి. చివరికి ఐదు పుస్తకాలూ ఉన్నది ఒక్క టీచరమ్మ ఇంట్లోనే, పాత చీర ముక్కలో మూటకట్టి.

టీవీ వాళ్ళు పిల్లల సీరియళ్ళు కావాలంటున్నారని తెలిసి నేను ఆవిడ దగ్గరికి పోయాను. ఆవిడ గద్వాల బళ్ళో నాకు రెండేళ్ళు చదువు చెప్పింది కాబట్టి తలుపు తీసింది.

“నీకన్న ముందొకాయన వచ్చిండు, నర్సింలూ. గొంగడి సూడనీకి బాగుండది, తివాచీ పెడ్దమన్నడు. చాయ్ పోసి పంపిచ్చిన.”

“తివాచీయా! టీచరమ్మా, నేను తీస్తే గొంగడి గొంగడే ఉంటది. నా తల మీద ఒట్టు.”

“నీ తల సంగతి నాకు తెల్వదా? ఏడో తరగతిల సూసిన గద.”

ఆవిడ లోపలికి పోయి పుస్తకాల మూట తెచ్చింది. మూట విప్పి మొదటి పుస్తకం నా చేతిలో పెట్టింది.

“నాకు పేరొద్దు బిడ్డా. టీవీల వస్తే పిల్లలు పుస్తకమేదని అడుగుతరు. అడిగితే ఎవరో ఒకరు మల్ల అచ్చేస్తరు. నా కండ్లు మంచిగున్నప్పుడే కొత్త పుస్తకం సూడాలె. గంతే నా ఆశ.”

అంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణాలు మీకు ముందు ముందు తెలుస్తాయి.

టీవీ వాళ్ళు ఒక్కటే అడిగారు: పది నిమిషాల నమూనా కేసెట్ తీసుకురండి, నచ్చితే పదమూడు వారాలు ఇస్తాం, నెలాఖరే గడువు. కెమెరా ఉన్న మనిషి కావాలి. వనపర్తిలో పెళ్ళి వీడియోలు తీసే సాబేర్ భాయి దగ్గర కెమెరా ఉంది, మిక్సింగ్ మిషనూ ఉంది. నేను గొంగడి ఎగరాలని చెప్పగానే ఆయన చాయ్ తాగినంత తేలిగ్గా తీసుకున్నాడు.

“ఎన్క నీలం బట్ట కడత. పిల్లను గొంగడి మీద కూసోపెట్టి తీస్త. మిషన్ల బటన్ ఒత్తితే నీలం ఉన్నకాడల్ల మాయమైతది. ఆడ మబ్బులు పెడ్త. ఎంతమంది పెండ్లి జంటలను గిట్లనే కాశ్మీర్ల తిప్పిన్నో తెల్సా? ఒక్కరు గుడ జడ్చర్ల దాటలే.”

“అబ్బ! బట్ట ఎట్లుండాలె భాయి?”

“సాదా ఉండాలె. గీత ఉండొద్దు, పువ్వుండొద్దు. ఒక్కటే నీలం. ఇగ ఒకటి యాదుంచుకో, ఆ దినం నీలం బట్టలు ఎవ్వరు ఏసుకోవొద్దు. ఏసుకుంటే వాళ్ళు గుడ మాయమే.”

బజార్లో ఏ దుకాణంలోకి పోయినా ఆ బట్ట దొరికేది. కానీ గద్వాలవాణ్ణి, నేత ఇంటివాణ్ణి, బట్ట కోసం బజారుకు పోతానా? మా ఇంట్లో మగ్గం లేదా? నాయిన లేడా? చూశారా, మొదటి తప్పడుగు గొప్పలకు పోయి వేసిందే.

“నాయినా, పన్నెండు గజాల నీలం బట్ట కావాలె.”

“అంచేం రంగు?”

“అంచు వద్దు.”

నాయిన చేతిలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగిపోయింది.

“కొంగు?”

“కొంగు గుడ వద్దు.”

“అంచు లేదు, కొంగు లేదు. ఎవలు సచ్చిండ్రురా?”

ఇక్కడ నేను నిజం చెప్పాల్సింది. ఆ బట్ట ఎవరికీ కనపడకూడదు నాయినా, నువ్వు ఎంత బాగా నేస్తే అంత బాగా మాయమైపోతుంది అని. కానీ మీరే చెప్పండి, నలభై ఏళ్ళుగా పదిమంది చూసి మెచ్చుకోవడానికి నేసిన మనిషితో ఆ మాట ఎట్లా అంటారు? నాకు నోరు రాలేదు. అందుకని ఇంకో మాట చెప్పాను.

“అది ఆకాశం నాయినా. టీవీల ఆకాశం లెక్క ఉంటది. రాష్ట్రమంత సూస్తది.”

“ఆకాశమా?” అన్నాడు నాయిన. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. “నేను నేసిన బట్టనా?”

ఆ సాయంత్రానికల్లా మా వీధి మొత్తానికి తెలిసిపోయింది, బాలయ్య ఆకాశం నేస్తున్నాడని. నూలుకు రంగు వేస్తుంటే చూడటానికి మనుషులొచ్చారు. మొదటి రంగు పొద్దుటి ఆకాశంలా ఉందని, రెండోది వాన ఆకాశంలా ఉందని నాయిన రెండుసార్లూ పక్కన పెట్టాడు. మూడోసారి కుదిరింది. నేను మధ్యలో ఒకసారి భయం భయంగా అడిగాను.

“అంచు వద్దన్న, యాదుంది గద నాయినా?”

“నీ పని నువు సూసుకో. ఆకాశం సంగతి నాకు జెప్పకు.”

నేను వెళ్ళి నా పని చూసుకున్నాను. అంటే, అద్దం ముందు నిలబడి చేతులతో కెమెరా చట్రం కట్టి చూసుకున్నాను.

షూటింగ్ రోజు వచ్చింది. వనపర్తిలో ఒక ధాన్యం గోదాము అడిగి తీసుకున్నాం. మొదటి బస్సుకే నాయిన దిగాడు, నెత్తిన మూట, పక్కన మా అక్క బిడ్డ రేణుక. గౌరి వేషం దానిదే. సాబేర్ భాయి తాళ్ళు కట్టాడు. నాయిన మూట విప్పాడు.

అంత మంచి నీలం నేను పుట్టి చూడలేదు. ఒప్పుకుంటాను. కానీ మగ్గం వెడల్పు మనిషి భుజం ఎత్తే కదా, అందుకని పన్నెండు గజాలను మూడు ముక్కలు చేసి, ఒకదాని కింద ఒకటి పెట్టి కుట్టి తెచ్చాడు. ప్రతి ముక్కకూ రెండు వైపులా జానెడు కుంకుమరంగు పట్టు అంచు. అంచు నిండా జరీ. అంచు మీద వరసగా కోటకొమ్మలు, గుడి శిఖరాల్లాగా మొనదేలి. మూడో ముక్క చివర నిండు కొంగు.

“నాయినా! అంచొద్దన్న గద?”

“నువు సిన్నోనివి, తెల్వక అన్నవు. రాష్ట్రమంత సూసే బట్టకు అంచు లేకుంటే గద్వాల పరువేం గావాలె?”

సాబేర్ భాయి నన్ను గోదాము వెనక్కి లాక్కుపోయాడు. “నర్సింలూ, నీలం పోతది. ఎర్రది పోదు. జరీ అసలే పోదు. కత్తెర తెస్త, అంచు కోసేద్దం.”

“కోస్తే నాయిన మనిద్దరిని కోస్తడు.”

“అయితే నిజం జెప్పు.”

“సూటింగ్ అయినంక జెప్త భాయి. జర ఓపిక పట్టు.”

చివరికి అంచులు లోపలికి మడిచి గుండుసూదులు పెట్టాం. చాయ్ తాగి వచ్చేసరికి సూదులన్నీ ఒక అగ్గిపెట్టెలో ఉన్నాయి, అంచులన్నీ బయట ఉన్నాయి. “ఎవడో పిచ్చోడు అంచును మడిచిపెట్టిండు. సాఫు చేసిన,” అన్నాడు నాయిన. రెండోసారి మడిచాం. రెండోసారీ సాఫు చేశాడు. మూడోసారి నేను దేవుడి మీద భారం వేశాను.

ఇక నీలం బట్టల సంగతి. ఆ విషయంలో నేనెంత కట్టుదిట్టంగా ఉన్నానో వింటే మెచ్చుకుంటారు. టీచరమ్మ నీలం గళ్ళ చీరతో వస్తే ఇంటికి పంపి మార్పించాను. గోదాము కావలి మనిషి నీలం చొక్కాతో ఉంటే బయట కూర్చోబెట్టాను. గొంగడి కిందపెట్టే బల్లకు నీలం రంగు వేయించాను, అది మాయం కావాలి కాబట్టి. ఇన్ని చేసిన మేధావిని నేను. అప్పుడు రేణుక గంతులేస్తూ వచ్చింది.

“మామా, తాత నాకు లంగ నేసిండు సూడు!”

“నూలు మిగిలింది. పారేస్తమా?” అన్నాడు నాయిన. “అంచు గుడ జత కలిసింది.”

అంచులతో అప్పటికే నా తల వాచిపోయింది. నాయిన వేరే మాట ఎత్తినందుకే సంతోషపడి, “మస్తుంది నాయినా,” అన్నాను. మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. సాబేర్ భాయి కూడా పసిగట్టలేదు, ఎందుకంటే ఆయన కన్ను పెట్టుకునే కెమెరా గొట్టంలో అంతా తెలుపూ నలుపే. రేణుక గొంగడి మీద కూర్చుంది. టేబుల్ ఫ్యాన్ గాలికి లంగా ఎగిరింది. “అమ్మా, మనిల్లు అగ్గిపెట్టంత ఉందే!” అని ఆ పిల్ల అరుస్తుంటే టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. నా బతుకులో అంత సంతోషమైన మధ్యాహ్నం లేదు.

మర్నాడు సాబేర్ భాయికి నాగర్‌కర్నూల్‌లో పెళ్ళి ఉంది. మిషన్ అక్కడికే తీసుకుపోయి, తీరిక దొరికినప్పుడు మిక్సింగ్ చేసి పెడతానన్నాడు. ఆ మర్నాడు పొద్దున్నే హైదరాబాదు పోతూ నేను, టీచరమ్మ, నాయిన నాగర్‌కర్నూల్‌లో దిగాం. కథ ఇస్తున్నట్టు టీవీ ఆఫీసులో టీచరమ్మ సంతకం పెట్టాలి. నాయిన ఎందుకంటే, తన ఆకాశం చూసుకోవాలి. పెళ్ళింట్లో కరెంటు లేదు, కేసెట్ వేసి చూసుకునే వీలు లేదు. సాబేర్ భాయి కేసెట్ నా చేతిలో పెట్టాడు.

“భాయి, ఎట్లొచ్చింది?”

“పిల్ల ముఖం మస్తొచ్చింది. గొంగడి మస్తొచ్చింది. గని నర్సింలూ, ఒక ముచ్చట జెప్పాలె...”

“సాబేర్ భాయీ, అప్పగింతలు!” అని లోపలి నుంచి కేక. ఆయన కెమెరా ఎత్తుకుని పరుగెత్తాడు. బయట బస్సు హారన్ కొట్టింది. ఆ ముచ్చట ఆయన నోట్లోనే ఉండిపోయింది.

టీవీ ఆఫీసులో గదిలో ముగ్గురున్నారు. ఒక పెద్ద మేడం, ఆవిడకు అటొకరు ఇటొకరు ఆఫీసర్లు. కేసెట్ పెట్టారు. మొదట తెరంతా నల్లగా ఉంది. తర్వాత మధ్యలో ఒక గుండెకాయ ఆకారం తెరుచుకుని అందులోంచి మా రేణుక కనిపించింది. సాబేర్ భాయి పెళ్ళిళ్ళ అలవాటు. కింద కోడేరు చేన్లు కదిలాయి, భాయి నీళ్ళ ట్యాంకు ఎక్కి తీసినవి. పైన మబ్బులు తేలాయి. మబ్బుల మధ్య నల్లగొంగడి వచ్చింది. గొంగడి మీద రేణుక వచ్చింది.

నడుము దాకా వచ్చింది.

నడుము కింద ఏమీ లేదు. చేన్లు కనపడుతున్నాయి. ఇంకాస్త కింద, ఏ ఆధారమూ లేకుండా, ఒక కుంకుమరంగు జరీ అంచు గాలికి ఊగుతూ పిల్ల వెంటే ఎగురుతోంది. దాని కింద రెండు పాదాలు. వెనక ఆకాశంలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెండు వరసల కోటకొమ్మలు. మూలకు కొంగు.

“బాబూ,” అంది మేడం నెమ్మదిగా. “ఆ అమ్మాయి కాళ్ళేవి?”

“మాయ మేడం. మాయల కథ కదా.”

“అబద్ధం,” అంది టీచరమ్మ. “నా పుస్తకంల గౌరికి రెండు కాళ్ళుంటయి.”

“ఆ ఎర్ర గీతలేమిటి?” అన్నాడు ఎడమవైపు ఆఫీసరు.

“సూర్యాస్తమయం సార్.”

“రెండు సూర్యాస్తమయాలా? మొనలు తేలి?”

ఈలోగా నాయిన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయాడు. ముక్కు ఆనించేంత దగ్గరగా వంగాడు.

“అంచు కనపడుతుంది. కొంగు కనపడుతుంది. నా బట్టేదిరా?”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా చెప్పేశాను. బట్ట మాయం కావడానికే నేయించానని, ఆ మాట చెప్పే ధైర్యం లేక ఆకాశమని చెప్పానని, లంగా సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదని, తప్పంతా నాదేనని, టీచరమ్మ కథను మాత్రం దీన్నిబట్టి చూడొద్దని. చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాయిన వైపు చూడలేకపోయాను.

నాయిన మేడం వైపు తిరిగి, “మల్లొక్కపారి ఏస్తవా అమ్మా?” అన్నాడు.

మళ్ళీ వేశారు. నాయిన కళ్ళద్దాలు సవరించుకుని, ఆకాశంలో అంచు వెంట వేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపించాడు.

“నూలు పోయింది, పట్టు నిల్చింది. నూలుకు, పట్టుకు కలిపిన కాడ సూడుండ్రి. ఒక్క పోగు అటు పోలే, ఇటు రాలే. నలభై ఏండ్ల సంది నేస్తున్న, నా పని ఇంత సాఫుగ నాకెన్నడు కనపడలే.” నా వైపు తిరిగాడు. “ముందే జెప్తే ఏం పోయెరా నీకు? మాయమయ్యే బట్ట గుడ నేస్తుంటి. అంచు మాత్రం ఏస్తుంటి.”

మేడం నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడను చూసి ఆఫీసర్లిద్దరూ నవ్వారు. చాయ్ తెచ్చిన మనిషి ట్రే పట్టుకుని అక్కడే నిలబడి నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. సంచీలోంచి పుస్తకం తీసి, ఎవరూ అడక్కుండానే, మొదటి పేజీ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. బడిలో చదివినట్టే, ఒక్కో మాటా విడదీసి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గౌరి తాత గొంగడి ఇచ్చే చోటికి వచ్చేసరికి చాయ్ చల్లారిపోయింది. గొంగడి నేల వదిలే చోట ఆవిడ పుస్తకం మూసింది.

“తర్వాత?” అన్నాడు కుడివైపు ఆఫీసరు.

“తర్వాత నాలుగున్నర పుస్తకాలున్నయి సారూ. టీవీల పెడితే తెలుస్తది.”

“పుస్తకం ఇక్కడ ఉంచి వెళ్ళండమ్మా, చదువుతాం,” అంది మేడం.

“ఒక్కటే ఉన్నది, ఇయ్య. కావాలంటే రోజు వచ్చి చదువుత.”

మేడం నా కేసెట్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని నా చేతికి తిరిగిచ్చింది. “ఈ కథ మేము తీస్తాం. గొంగడి గొంగడిగానే ఉంటుంది. ఒక్కటే షరతు.”

“చెప్పండి మేడం.”

“డైరెక్టర్‌గా మీరు ఉండకూడదు.”

“బంగారంలాంటి షరతు,” అంది టీచరమ్మ, నేను నోరు తెరవకముందే.

నిజం చెప్పాలంటే నాకూ గుండెల మీంచి బండ దిగినట్టయింది. పదమూడు వారాలు వేశారు. మూడో వారానికి పిల్లలు పుస్తకం అడగడం మొదలుపెట్టారు. సీరియల్ అయిపోకముందే హైదరాబాదులో ఒకాయన ఐదు పుస్తకాలూ అచ్చువేశాడు. మొదటి కట్ట వనపర్తికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. టీచరమ్మ కొత్త పుస్తకం తెరిచి, చదవకుండా, ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. “నర్సింలూ, నీ తల సంగతి నాకు తెలుసు,” అంది. “మనసు సంగతి ఇప్పుడు తెలిసింది.” ఆ మాట కోసం ఇంకో పది ఆకాశాలు పాడుచేయమన్నా చేస్తాను.

అయితే మొదటి వారం సంగతి చెప్పకుండా ముగించలేను. ఆ సాయంత్రం మా వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. మగ్గం పక్కన టీవీ పెట్టాం. పెద్ద డైరెక్టర్, పెద్ద మిషన్లు. గొంగడి లేచింది. గౌరికి రెండు కాళ్ళూ ఉన్నాయి. వెనక నీలాకాశం, ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయిన ఒక్కడే ముఖం చిట్లించాడు.

“ఏమైంది నాయినా?”

“గా ఆకాశం నేసినోడు ఎవడురా? పనంత చేసి, అంచు కాడికొచ్చి ఇంటికి పోయిండు.”

ఆ క్షణమే నేను ప్రతిజ్ఞ చేశాను. ఇప్పుడు మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి చాచి మళ్ళీ చేస్తున్నాను. చేతిపని చేసే మనిషి దగ్గర ఆ పని దేనికో ఎన్నడూ దాచను. ప్రాణం పోయినా సరే, ఆకాశం నేసిపెట్టమని ఏ నేతగాణ్ణీ అడగను. ఒకవేళ అడగక తప్పకపోతే, అంచేం రంగని ఆయన అడిగినప్పుడు, నోరు మూసుకుని “కుంకుమరంగు” అని చెబుతాను.